మువ్వ గోపాలుడికి ఒక ఐడీ: క్షేత్రయ్యతో సెమాంటిక్ వెబ్ పాఠం

సెమాంటిక్ వెబ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది సిలబస్‌లో ఆఖరి యూనిట్. పరీక్ష ముందు రోజు రాత్రి ఆర్‌డీఎఫ్ అంటే ఏంటో, ఓడబ్ల్యూఎల్ అంటే ఏంటో బట్టీ పట్టి, మర్నాడు రాసేసి మర్చిపోతాం. తప్పు పూర్తిగా మనది కూడా కాదు. ఆ ఉదాహరణలు అలా ఉంటాయి మరి: ఆలిస్‌కి బాబ్ తెలుసు, బాబ్ ఒక మనిషి. వాళ్లిద్దరికీ పరిచయం ఉంటే మనకేంటి, లేకపోతే మనకేంటి?

అందుకని ఈ వ్యాసంలో ఆలిస్‌ని, బాబ్‌ని పక్కన పెట్టి మన క్షేత్రయ్యని తీసుకుందాం. ఆయన మీద జరిగిన పరిశోధనలన్నీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయి, ఆ ముడి వేయడంలో సెమాంటిక్ వెబ్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ కొంప ముంచుతుంది అన్నది చూద్దాం. చివరికి వచ్చేసరికి ఇది టెక్నాలజీ ప్రశ్న మాత్రమే కాదని మీకే తెలుస్తుంది.

1. కంప్యూటర్‌కి తెలిసింది పేరే, మనిషి కాదు

ముందు సంగతి క్లుప్తంగా. క్షేత్రయ్య 17వ శతాబ్దపు పదకర్త అని మనం చదువుకున్నాం. ఆయనవిగా చెప్పే పదాల్లో "మువ్వ గోపాల" అనే ముద్ర ఉంటుంది. కృష్ణా జిల్లా మొవ్వలో ఉన్న వేణుగోపాలస్వామే ఆ గోపాలుడని మనవైపు నమ్మకం. మధుర తిరుమల నాయకుడు, తంజావూరు విజయరాఘవ నాయకుడు, గోల్కొండ పాదుషా, ఈ ముగ్గురి దగ్గరా పదాలు పాడినట్టు చెప్పే పదం కూడా ఒకటుంది. ఆ లెక్క వేలల్లోకి పోతుంది. ఇప్పుడు దొరుకుతున్నవి మాత్రం కొన్ని వందలే.

ఈ పదాలు బతికింది పుస్తకాల్లో కన్నా గొంతుల్లో, కాళ్ల గజ్జెల్లో ఎక్కువ. మొవ్వ పక్కనే ఉన్న కూచిపూడిలో వీటికి అభినయం చేస్తారు. తమిళనాడులో వీణ ధనమ్మాళ్ కుటుంబం, అంటే ఆవిడ మనవరాళ్లు టి. బృంద, టి. ముక్త, టి. బాలసరస్వతి వీటిని ప్రాణంగా కాపాడారు. అందువల్ల పరిశోధన కూడా ఒక్కచోట లేదు. తెలుగు శాఖలో ఒక థీసిస్, సంగీత శాఖలో ఇంకొకటి, నృత్యంలో మరొకటి, అమెరికాలో చరిత్రకారుల వ్యాసాలు, మద్రాసులో అచ్చయిన స్వరలిపి పుస్తకాలు. ఏ అరలో ఉన్నది ఆ అరకే తెలుసు.

సరే, సెర్చ్ ఇంజిన్ ఉంది కదా అంటారా? అక్కడే మొదటి చిక్కు. తెలుగులోనే క్షేత్రయ్య, క్షేత్రయ, క్షేత్రజ్ఞుడు అని మూడు రకాలుగా రాస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లోకి వచ్చేసరికి ఒకరు చివర్లో వై రెండుసార్లు పెడతారు, ఒకరు ఒకసారే. "జ్ఞ"ని కొందరు జీ ఎన్ అని, కొందరు జే ఎన్ అని రాస్తారు. విదేశీ జర్నల్స్‌లో అయితే ఎస్ కింద చుక్క, ఈ మీద గీత. మనలాగా ఫోన్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకి వీటిలో ఒక ముక్క దొరికితే ఇంకో ముక్క దొరకదు. పైగా 1976లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన "మహాకవి క్షేత్రయ్య" సినిమా ఉంది. పాటల కోసం వెతికితే సినిమా పాటలు, పదాలు కలగాపులగంగా వస్తాయి.

ఊరి పేరు సంగతి చూడండి. మొవ్వ ఒక ఊరు. మొవ్వ ఒక మండలం కూడా, కూచిపూడి ఆ మండలంలోదే. మొవ్వ ఒక ఇంటిపేరు. అరటిచెట్టుకి లేతాకు వేసేదీ మొవ్వే. ఇక పదాల్లో కనిపించే రూపం మువ్వ, అది గజ్జెలో మువ్వ కూడా కావచ్చు. మనిషి వాక్యం చూసి ఏది ఏదో పోల్చుకుంటాడు. మామూలు డేటాబేస్‌కి అవన్నీ అక్షరాల వరుసలే, అంటే స్ట్రింగ్స్ అన్నమాట.

2. పేరు బదులు చిరునామా

దీనికి టిమ్ బెర్నర్స్-లీ 2006లో రాసిపెట్టిన లింక్డ్ డేటా సూత్రాలు నాలుగు. మన భాషలో చెప్పుకుంటే:

ఒకటి, ప్రతి వస్తువుకీ ఒక యూఆర్ఐ ఇవ్వు. వస్తువంటే మనిషి, ఊరు, పుస్తకం, రాగం, ఏదైనా.
రెండు, ఆ యూఆర్ఐ వెబ్‌లో తెరుచుకునేలా హెచ్‌టీటీపీతో మొదలవ్వాలి.
మూడు, తెరిచినప్పుడు దాని గురించి పనికొచ్చే సమాచారం ప్రామాణిక రూపంలో రావాలి.
నాలుగు, అందులో ఇతర వస్తువుల యూఆర్ఐలకి లింకులు ఉండాలి.

ఆ ప్రామాణిక రూపమే ఆర్‌డీఎఫ్. దాని మొదటి డబ్ల్యూ3సీ ప్రమాణం 1999లో వచ్చింది. అందులో ఏ విషయమైనా మూడు ముక్కల్లో చెప్పాలి: కర్త, సంబంధం, కర్మ. దీన్నే ట్రిపుల్ అంటారు.

కూచిపూడి — ఏ మండలంలో ఉంది — మొవ్వ మండలం
మొవ్వ మండలం — ఏ జిల్లాలో ఉంది — కృష్ణా జిల్లా

గమనించారా, మొదటి ట్రిపుల్‌లో కర్మ రెండోదానిలో కర్త అయింది. ఇలా కొక్కెం పడితే అది గ్రాఫ్ అవుతుంది. ఇక్కడ "మొవ్వ మండలం" అనేది పదం కాదు, ఒక యూఆర్ఐ. మొవ్వ ఊరికి వేరే యూఆర్ఐ. ఇంటిపేరుకి ఇంకోటి. మూడూ ఎన్నటికీ కలవవు.

మరి స్పెల్లింగుల గోల? వాటన్నిటినీ ఒకే యూఆర్ఐకి లేబుల్స్‌గా తగిలిస్తారు. ఒకటి ప్రధాన పేరు, మిగతావి మారుపేర్లు. 2009లో వచ్చిన ఎస్‌కాస్ ప్రమాణం చేసేది ఇదే. మన డెల్టాకి దగ్గర ఉదాహరణ కావాలంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రోవాక్ చూడండి. వ్యవసాయ పదాలకి అదొక పెద్ద జాబితా. అందులో ఒక్కో భావనకి ఒక్కో యూఆర్ఐ ఉంటుంది, దాని కింద చాలా భాషల్లో పేర్లు ఉంటాయి. ఆ భాషల్లో తెలుగూ ఉంది. అంటే వరి గురించి ఇటలీలో రాసిన రిపోర్టుకీ ఇక్కడ రాసినదానికీ మధ్య వంతెన వేసే ఏర్పాటు ఉంది. పదసాహిత్యానికి అలాంటిది మనం కట్టుకోవాలి.

3. పరిశోధనల ఐడీలు, మన ఇంటిపేర్లు

పరిశోధన లోకంలో ఐడీలు ఇప్పటికే చాలా వచ్చాయి. వ్యాసానికి డీఓఐ ఉంటుంది. పరిశోధకులకి ఆర్కిడ్, 2012లో మొదలైంది, 16 అంకెల నంబరు. మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగలో పెడతారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దాన్ని నడుపుతుంది. యూజీసీ 2009 నిబంధనల తర్వాత అది ఊపందుకుంది. అక్కడ ప్రతి థీసిస్‌కీ హ్యాండిల్ అనే శాశ్వత చిరునామా ఉంటుంది. ఇక వికీడేటా, అదీ 2012లోనే మొదలైంది, దేనికైనా క్యూ అక్షరంతో మొదలయ్యే ఒక నంబరు ఇస్తుంది.

మనిషికి నంబరు ఎందుకు అని అనిపించవచ్చు. తెలుగువాళ్లకే ఇది అందరికన్నా ఎక్కువ అవసరం. మన ఇంటిపేరు ముందు వస్తుంది. పాశ్చాత్య డేటాబేస్‌లు చివరి మాటని ఇంటిపేరు అనుకుంటాయి. కాబట్టి వెల్చేరు నారాయణరావు గారు కాస్తా ఆ జాబితాల్లో "రావు, వి. ఎన్." అయిపోతారు. ఆ రావుల గుంపులో ఎవరు ఫిజిక్సో, ఎవరు పదసాహిత్యమో తేల్చడం దేవుడి తరం కూడా కాదు. రెడ్డిగార్ల పరిస్థితీ అంతే. ఐడీ ఉంటే పేరు ఎటు తిప్పి రాసినా మనిషి మారరు.

అయితే ఒక లోటు ఉంది. డీఓఐ ఎక్కువగా ఇంగ్లీషు జర్నల్స్‌కే ఉంటుంది. విస్సా అప్పారావు గారు శ్రమపడి సంపాదకత్వం వహించిన క్షేత్రయ్య పదాల పుస్తకం లాంటివి డీఓఐ పుట్టకముందువి. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి పేరు కూడా సరిగ్గా ఎక్కించి ఉండదు. ఐడీ లేనిది గ్రాఫ్‌లో లేనట్టే. గ్రాఫ్‌లో లేనిది మెల్లగా లేనే లేదు అనిపిస్తుంది. రేపు ఏదో ఏఐ క్షేత్రయ్య మీద సాహిత్య సమీక్ష రాస్తే, అందులో ఇంగ్లీషు వ్యాసాలే ఉండి తెలుగు పండితుల పని కనపడకపోతే, కారణం వాళ్ల పని తక్కువదని కాదు, దానికి ముడి లేదని.

4. పదం ఒకటా, నాలుగా?

ఇప్పుడు ఒక పదం తీసుకోండి. అది రచనగా ఒకటే. దాన్ని బృంద ఒకలా పాడారు. ఒక పుస్తకంలో స్వరలిపితో అచ్చయింది. ఎ. కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1994లో "వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్" అనే పుస్తకంలో కొన్ని పదాల్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అదే పదం అక్కడుంటే నాలుగో రూపం. ఇవన్నీ ఒకటే అనాలా, వేర్వేరు అనాలా?

లైబ్రరీ సైన్స్ వాళ్లు దీనికి మెట్లు కట్టారు. పైన రచన. దాని కింద రూపం: మూలపాఠం, అనువాదం, గానం. దాని కింద ప్రచురణ: ఫలానా ఏడాది ఫలానా ముద్రణ. అడుగున ప్రతి: మన కాలేజీ లైబ్రరీ అలమరాలో ఉన్న ఆ ఒక్క పుస్తకం. ఈ మెట్లు విడివిడిగా ఉంచితే చాలా తగాదాలు తీరతాయి. రాగం ఎక్కడ తగిలించాలి? ఒకే పదాన్ని వేర్వేరు పాఠాంతరాల్లో వేర్వేరు రాగాల్లో పాడటం ఉంది. రాగాన్ని రచనకి తగిలిస్తే గొడవ, రూపానికి తగిలిస్తే ఏ గొడవా లేదు.

5. ప్రశ్న అడగడం

గ్రాఫ్ సిద్ధమయ్యాక ప్రశ్నలు అడిగే భాష స్పార్కిల్. 2008లో ప్రమాణమైంది. ఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లకి అరగంటలో వచ్చేస్తుంది. ఖాళీలున్న ట్రిపుల్స్ రాస్తే, ఆ ఖాళీలు అది నింపి పెడుతుంది:

?వ్యాసం — ప్రధాన విషయం — క్షేత్రయ్య
?వ్యాసం — రచయిత — ?పరిశోధకుడు
?వ్యాసం — భాష — ?భాష

అంటే "క్షేత్రయ్య మీద ఎవరెవరు, ఏ భాషలో రాశారు" అని అడిగినట్టు. ప్రశ్నార్థకం ఉన్నవి వేరియబుల్స్. ఇంకో సరదా సంగతి, స్పార్కిల్‌లో వేరియబుల్ పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టినా చెల్లుతాయి, ప్రయత్నించి చూడండి. ఇంకో రెండు వరుసలు కలిపితే "పదం మీద థీసిస్ రాసినవాళ్లలో నృత్యం మీద కూడా రాసినవాళ్లెవరు" అని అడగొచ్చు. సెర్చ్ బాక్స్‌లో ఈ ప్రశ్న ఎలా టైప్ చేస్తారు? చేయలేం.

ఒక్క జాగ్రత్త. గ్రాఫ్‌లో జవాబు రాకపోతే అది అబద్ధమని కాదు, ఇంకా ఎవరూ రాయలేదని మాత్రమే. దీన్నే ఓపెన్ వరల్డ్ అసంప్షన్ అంటారు. సున్నా ఫలితాలు వచ్చాయని "తెలుగులో పరిశోధన లేదు" అని తేల్చేయకూడదు.

6. అసలు చిక్కు: ఇది, అది ఒకటేనా?

ఇక్కడిదాకా అన్నీ బాగున్నాయి. ఇప్పుడు ఓడబ్ల్యూఎల్‌లో "సేమ్ యాజ్" అనే సంబంధం చూద్దాం. రెండు యూఆర్ఐలు ఒకే వస్తువువి అని చెప్పడానికి దాన్ని వాడతారు. చూడటానికి అమాయకంగా ఉంటుంది. కానీ దాని లాజిక్ చాలా గట్టిది. క, ఖ ఒకటే అన్నామంటే క గురించి ఉన్న ప్రతి మాటా ఖకి వర్తిస్తుంది. ఖ, గ ఒకటే అని ఇంకెవరో ఎక్కడో రాస్తే, క కూడా గ అయిపోతుంది.

ఎవరైనా తొందరలో "మువ్వ గోపాల"నీ, "క్షేత్రయ్య"నీ సేమ్ యాజ్‌తో కలిపారనుకోండి. ఇంకొకరు మువ్వ గోపాలుణ్ణి మొవ్వ గుడిలో దేవుడితో కలిపారనుకోండి. ఇక రీజనర్ తీర్మానం: క్షేత్రయ్య గుడిలో మూలవిరాట్టు, తన పదాలు తానే తన మీద రాసుకున్నాడు. నవ్వొస్తుంది కానీ లెక్క ప్రకారం దాని తప్పేం లేదు.

నవ్వు రాని తప్పు ఇంకోటుంది. "ముద్ర మువ్వ గోపాల అయితే రచయిత క్షేత్రయ్య" అని ఒక రూల్ పెట్టామనుకోండి. ఆ రూల్ కొన్ని వందల పదాలకి రచయితని నింపేస్తుంది. తర్వాత ఇంకెవరో వచ్చి గ్రాఫ్‌ని అడుగుతారు: ఈ ముద్ర ఉన్న పదాలన్నీ క్షేత్రయ్యవేనా? గ్రాఫ్ అవును అంటుంది, నూటికి నూరు శాతం. మనం పెట్టిన ఊహే తిరిగి మనకి రుజువుగా వస్తుంది. ఇంకొకరెవరైనా అదే ముద్రతో పదం కట్టి ఉంటే, ఆ మనిషి ఎప్పటికీ కనపడరు.

ఇది ఊరికే అనడం లేదు. 2019లో హర్షిత కామత్ అనే పరిశోధకురాలు "ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ"లో క్షేత్రయ్య మీద ఒక వ్యాసం రాశారు. మనం చిన్నప్పటినుంచి వింటున్న కథ, అంటే మొవ్వలో పుట్టిన భక్తకవి క్షేత్రయ్య జీవితం, చారిత్రకంగా ఎంతవరకు నిలుస్తుంది అని ఆ వ్యాసం గట్టిగా ప్రశ్నిస్తుంది. ఆ భక్తకవి రూపం ఎక్కువగా 20వ శతాబ్దంలో తయారైందని వాదిస్తుంది. ఇదే రచయిత్రి కూచిపూడి ఊళ్లో మగవాళ్ల స్త్రీవేషం మీద రాసిన "ఇంపర్సనేషన్స్" అనే పుస్తకం కూడా 2019లోనే వచ్చింది. దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

మాది మొవ్వ మండలమే. ఆ వ్యాసం సారాంశం చదివితే మనసు చివుక్కుమంది, దాచడం ఎందుకు. మా ఊళ్లో క్షేత్రయ్య అంటే పరిశోధనాంశం కాదు, మావాడు. కానీ ఒక సంగతి ఆలోచించాను. రేపు గ్రాఫ్‌లో "క్షేత్రయ్య — పుట్టిన ఊరు — మొవ్వ" అని ఒక్క ట్రిపుల్ పెట్టి ఊరుకుంటే, ఆ పరిశోధన మాయమవుతుంది. ఆ ట్రిపుల్ తీసేస్తే, మా ఊరి వాళ్లు తరతరాలుగా చెప్పుకున్నదీ, దాన్ని సమర్థిస్తూ తెలుగు పండితులు రాసినదీ మాయమవుతాయి. ఏది చేసినా ఒకరి నోరు మూసినట్టే.

అదృష్టం ఏంటంటే మూడో దారి ఉంది. వాస్తవం బదులు వాదనని నమోదు చేయాలి, ఎవరి వాదన అన్నది దానికి అంటించాలి.

వికీడేటాలో ప్రతి మాటకీ ఆధారం జతచేయొచ్చు. "ఈ మాటని ఫలానావారు అంగీకరించలేదు" అని చెప్పే గుర్తు కూడా ఉంది. సేమ్ యాజ్ అంత గట్టిగా కాకుండా "ఒకటేనని అంటారు" అనే మెత్తటి సంబంధం ఉంది. "ఇది వేరు, అది వేరు" అని చెప్పే సంబంధమూ ఉంది. సినిమానీ కవినీ విడదీయడానికి అది సరిగ్గా సరిపోతుంది.

నానోపబ్లికేషన్ అనే పద్ధతి దీన్నే ఇంకా పద్ధతిగా చేస్తుంది. ఒక్క చిన్న వాదనకి మూడు చిన్న గ్రాఫ్‌లు: మొదటిది వాదన, రెండోది అది ఎక్కడినుంచి వచ్చింది, మూడోది దాన్ని ఎవరు, ఎప్పుడు ప్రచురించారు. సైటో అనే ఆంటాలజీ అయితే సైటేషన్‌కే అర్థం ఇస్తుంది. మామూలుగా ఒక వ్యాసం ఇంకోదాన్ని ఉదహరిస్తే లెక్కలో ఒకటి పెరుగుతుంది, అంతే. సైటోలో ఉదహరించింది ఒప్పుకోడానికా, కాదనడానికా, డేటా వాడుకోడానికా అన్నది విడివిడిగా చెప్పొచ్చు. అప్పుడు గ్రాఫ్‌లో ఇలా ఉంటుంది:

వాదన 1: క్షేత్రయ్య మొవ్వవాడు. ఆధారం: స్థానిక సంప్రదాయం, ఫలానా పుస్తకం.
వాదన 2: ఆ జీవితకథ తర్వాత కట్టినది. ఆధారం: 2019 వ్యాసం.
సంబంధం: రెండోది మొదటిదాన్ని కాదంటోంది.

చదివేవాళ్లకి రెండూ కనిపిస్తాయి, గొడవ ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. ఏది నిజమో గ్రాఫ్ తేల్చదు, తేల్చకూడదు కూడా. ఆ పని మనుషులది. వాళ్లకి రెండు పక్షాల కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టడం వరకే దాని పని.

7. మనం చేయగలిగినవి

ఇదంతా పెద్ద యూనివర్సిటీల పని అనుకోకండి. సెమిస్టర్ సెలవుల్లో నలుగురు కూర్చుంటే అయ్యే పనులు ఇవి:

మీ ఊరికి, మండలానికి వికీడేటాలో విడివిడి ఐటమ్స్ ఉన్నాయో లేదో చూడండి. తెలుగు లేబుల్ లేకపోతే పెట్టండి, మారుపేర్లు కలపండి.

శోధ్‌గంగలో మీకు నచ్చిన తెలుగు అంశం మీద పది థీసిస్‌లు వెతికి, ఒక పట్టిక చేయండి: పేరు, పరిశోధకులు, విశ్వవిద్యాలయం, ఏడాది, హ్యాండిల్. వికీడేటాలో ఎక్కించే ముందు అక్కడి నియమాలు చదవండి. బతికున్న వాళ్ల వ్యక్తిగత వివరాలు అసలు పెట్టకండి.

పాత తెలుగు పుస్తకం ఐటమ్ చేసేటప్పుడు రచననీ ముద్రణనీ కలపకండి. సంపాదకుణ్ణి రచయిత గడిలో పెట్టకండి.

ప్రతి మాటకీ ఆధారం పెట్టండి. ఆధారం లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడిని తర్వాత ఎవరైనా నింపుతారు, తప్పుడు గడిని పట్టుకోవడమే కష్టం.

సేమ్ యాజ్ వాడేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీని గురించి ఉన్న ప్రతి మాటా దానికీ వర్తిస్తుందా? కొంచెం అనుమానం ఉన్నా వాడొద్దు.

ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే అడిగితే ఇది చెబుతాను. ముడి వేయడం వేరు, కలిపేయడం వేరు. పూలదండలో దారం పూలన్నిటినీ పట్టుకుంటుంది, కానీ ఏ పువ్వు రంగూ మార్చదు. పరిశోధనలకి మనం కట్టే దారం కూడా అలాగే ఉండాలి. మొదటి పట్టిక మొవ్వ, కూచిపూడి మీద నేను మొదలుపెడుతున్నాను. మీ ఊళ్లో కవి ఉంటే, వాగ్గేయకారుడు ఉంటే, బుర్రకథ దళం ఉంటే మీరూ ఒకటి మొదలుపెట్టండి. వచ్చే సంచిక నాటికి ఆ రెండు పట్టికలకీ మధ్య ఒక్క లింకు పడినా చాలు, ఆఖరి యూనిట్ మనకి అర్థమైనట్టే.